వానలో గద్దలు, డేగల ఫోటోలు: ఫ్రేము కట్టుకునే పద్ధతి, మెట్టు మెట్టుగా

మృగశిర కార్తె వచ్చి తొలకరి పడగానే మన దగ్గర చాలామంది పక్షుల ఫోటోగ్రాఫర్లు కెమెరా బ్యాగు అటకెక్కించేస్తారు. మళ్లీ దించేది చలికాలపు వలస పక్షులు వచ్చాకే. వెలుతురు చాలదు, లెన్సు తడుస్తుంది, గద్దలు ఎగరవు అంటారు. మూడూ నిజమే. అయితే మూడోది మనకి కలిసొచ్చే విషయం. గద్దలు రెక్కాడించకుండా గంటల తరబడి తిరగగలిగేది నేల వేడెక్కి పైకి లేచే గాలి ఆసరాతో. వాన పడుతుంటే ఆ గాలి లేవదు. మామూలు రోజుల్లో మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాల్సిన పక్షి అప్పుడు కరెంటు స్తంభం మీదో, ఎండు కొమ్మ మీదో కదలకుండా కూర్చుంటుంది. తడిసిన రెక్కలతో ఎగరడం శ్రమ కాబట్టి తొందరగా చోటు మారదు. నిదానంగా ఆలోచించి ఫ్రేము కట్టుకునే సమయం మనకి దొరుకుతుంది.

ముందే ఒక మాట చెప్పాలి. వాన ఫోటోలో మొదట వానకి చోటు చూసుకోవాలి, ఆ తర్వాతే పక్షికి. చాలామంది పక్షి కనబడగానే జూమ్ చేసి ఫ్రేము నింపేస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే తడిసిన గద్ద ఉంటుంది, వాన మాత్రం ఉండదు. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క మాట నుంచి వచ్చినవే.

1. ఏ పక్షి, ఏ వాన

తెలుగు రాష్ట్రాల్లో నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, దొరికేవి ఎక్కువగా ఇక్కడే ఉండే పక్షులు. ఊళ్లలో మామూలు నల్ల గద్ద. చెట్లున్న కాలనీల్లో, తోటల్లో షిక్రా అనే చిన్న డేగ. పొలాల మీద తీగల పైన కూర్చునే తెల్లటి చిన్న గద్ద, బ్లాక్ వింగ్డ్ కైట్. కాకినాడ, విశాఖ చేపల రేవుల దగ్గర తెల్ల తల, ఇటుక రంగు ఒళ్లు ఉన్న గరుడ పక్షి. నల్లమల లాంటి అడవుల్లో పాముల్ని తినే సర్పెంట్ ఈగిల్. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు నెల్లూరు వైపు పడుతుంటే, పులికాట్ సరస్సు చుట్టుపక్కల వలస వచ్చిన మార్ష్ హారియర్లు (చిత్తడి నేలల గద్దలు), ఆస్ప్రేలు (చేపలు పట్టే గద్దలు) కూడా వానలో దొరికే వీలుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఊళ్లోని నల్ల గద్దతో మొదలుపెట్టడం మంచిది. మనుషులకి అలవాటు పడిన పక్షి, భయపడదు. మేడ మీద సన్‌షేడ్ కింద నిలబడితే చెట్ల చివర్లు మన కళ్లకి సమానమైన ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు ఎందుకు ముఖ్యమో తర్వాతి మెట్టులో తెలుస్తుంది. టైగర్ రిజర్వుల్లో వానాకాలంలో సఫారీలు సాధారణంగా ఆపేస్తారు కాబట్టి అడవికి వెళ్లాలనుకుంటే అటవీశాఖ వాళ్లని ముందే కనుక్కోండి.

2. పక్షికంటే ముందు దాని వెనకేముందో చూడండి

వాన చినుకు పారదర్శకం. తెల్లటి మబ్బు ముందు అది కనబడదు. నల్లటి దాని ముందు మాత్రమే తెల్లటి గీతలా తేలుతుంది. ఇంత చిన్న విషయం మీదే ఫోటో మొత్తం ఆధారపడి ఉంటుంది. కింద నుంచి పైకి చూస్తూ తీస్తే పక్షి వెనక ఆకాశమే వస్తుంది, వాన మాయమవుతుంది. కళ్ల ఎత్తు నుంచి గానీ కాస్త పైనుంచి గానీ తీస్తే వెనక చెట్లో, కొండో, తడిసి నల్లబడ్డ గోడో వస్తుంది, వాన లేచి కనబడుతుంది.

అందుకే చోటు ఎంచుకునేటప్పుడు పక్షి కోసం కాదు, చీకటి కోసం వెతకండి. ముదురాకు మామిడి తోట, చింతచెట్టు గుబురు, కొండ వాలు, పాత గోడౌను గోడ. వీటిలో ఏదో ఒకటి కొమ్మకి వెనక కనీసం ఇరవై ముప్పై మీటర్ల దూరంలో ఉంటే చాలు, ఆకులు విడివిడిగా కనబడకుండా ఒకే ముదురు రంగులో కలిసిపోతాయి. దగ్గరగా ఉంటే ఆకుల మెరుపులు, చినుకుల మెరుపులు కలగాపులగమైపోతాయి.

పక్షి అప్పటికే ఆకాశం ముందు కూర్చుని ఉంటే? రెండు అడుగులు పక్కకి జరిగినా సరిపోవచ్చు. లెన్సు 500 ఎంఎం అయితే మనం కొద్దిగా జరిగినా బ్యాక్‌గ్రౌండ్ పూర్తిగా మారిపోతుంది. ఏ రకంగానూ కుదరకపోతే వానని గీతలుగా చూపించే ఆశ వదిలేసి, తెల్లటి ఆకాశం మీద పక్షి ఆకారం ఒక్కటే నిలిచేలా వేరే ఫోటో తీయండి. అదీ బాగుంటుంది. రెండూ ఒకే ఫ్రేములో కావాలనుకోవడమే కుదరదు.

3. వెలుగు ఎటు నుంచి వస్తోంది

మబ్బు పట్టిన రోజు వెలుగు అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తుందనిపిస్తుంది గానీ, ఎప్పుడూ ఒక వైపు ఆకాశం కొంచెం తేటగా ఉంటుంది. ఆ తేట భాగం పక్షి వెనకా పైనా ఉండేలా, చీకటి చెట్లు ఫ్రేములో ఉండేలా నిలబడండి. వెనక నుంచి వచ్చే వెలుగు ప్రతి చినుకునీ వెలిగిస్తుంది. పక్షి తల చుట్టూ, భుజాల మీద సన్నటి అంచు కూడా గీస్తుంది.

అన్నిటికంటే గొప్ప అవకాశం ఎండా వానా కలిసొచ్చినప్పుడు. కుక్కకీ నక్కకీ పెళ్లి అని పిల్లలు కేకలేసే ఆ పది నిమిషాలు. సాయంత్రం పడమర తెరిపి ఇచ్చి, మన మీద ఇంకా చినుకులు పడుతుంటే, రెండే దారులున్నాయి. సూర్యుడి వైపు తిరిగితే వెలిగే చినుకులు, వీపు సూర్యుడికి పెడితే ఇంద్రధనుస్సు. నేనైతే ఎప్పుడూ సూర్యుడి వైపే తిరుగుతాను. ఇంద్రధనుస్సు ఉన్న ఫోటోలో అందరూ ఇంద్రధనుస్సునే చూస్తారు, గద్దని చూడరు.

ఫ్లాష్ వద్దు. లెన్సుకి దగ్గరగా పడే చినుకులన్నీ ఫ్లాష్ వెలుగుకి తెల్లటి మచ్చలైపోతాయి.

4. చినుకు ఎంత పొడుగు కనబడాలో మీరే నిర్ణయించండి

ఇక్కడ ఊహ అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. జోరు వానలో పెద్ద చినుకు సెకనుకి సుమారు 7 మీటర్ల వేగంతో పడుతుంది. షట్టర్ 1/1000 పెడితే, అంటే అది సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకుంటే, ఆ సమయంలో అది పడేది 7 మిల్లీమీటర్లు, అంటే చుక్క కింద లెక్క. 1/500 పెడితే సుమారు సెంటీమీటరున్నర. 1/125కి అయిదున్నర సెంటీమీటర్లు. 1/30కి దాదాపు 23 సెంటీమీటర్లు.

షిక్రా పొడవు అటూఇటుగా ఒక అడుగు. 1/125 దగ్గర పక్షి పక్కన పడే ప్రతి చినుకూ దాని ఒంట్లో దాదాపు ఐదో వంతు పొడుగు గీత అవుతుంది. కంటికి వాన ఎలా కనబడుతుందో దాదాపు అలాగే ఉంటుంది. 1/30 దగ్గర గీతలు పక్షిని మింగేస్తాయి. నల్ల గద్ద రెండడుగులుంటుంది కాబట్టి దానికి 1/60 కూడా బాగానే నప్పుతుంది.

తుంపర పడుతున్నప్పుడు లెక్క మారుతుంది. సన్న చినుకులు సెకనుకి 2 మీటర్ల దగ్గర పడతాయి, అంత పొడుగు గీత రావాలంటే 1/40 దాకా దిగాలి. ఆశ్లేష కార్తె ముసురుకీ, కుండపోతకీ ఒకే షట్టర్ పనికిరాదన్నమాట. జల్లు తీరు మారినప్పుడల్లా నాలుగు ఫోటోలు తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి.

అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే కన్నం, సంగతి కూడా ఇక్కడే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 500 ఎంఎం లెన్సు, 20 మీటర్ల దూరంలో పక్షి అనుకుందాం. ఎఫ్ 5.6 దగ్గర ఫోకస్‌లో ఉండేది అరమీటరు లోతు మాత్రమే. ఆ అరమీటరులో పడే చినుకులే సన్నటి గీతలుగా వస్తాయి, మిగతావి మసక. ఆ కన్నం చిన్నది చేసి ఎఫ్ 11 పెడితే ఆ లోతు మీటరు దాటుతుంది, స్పష్టమైన గీతలు దాదాపు రెట్టింపవుతాయి. వాన పలచగా ఉన్నప్పుడు అపర్చర్ తగ్గించి దాన్ని చిక్కగా చూపించవచ్చు. జోరుగా ఉన్నప్పుడు తెరిచి పెట్టి పలచబరచవచ్చు.

ఇంత నెమ్మది షట్టర్‌కి చేతిలో పట్టుకుని తీస్తే కుదరదు. కారు కిటికీ మీద బీన్ బ్యాగ్ (గింజలు నింపిన సంచి) పెట్టి, ఇంజన్ ఆపేసి, బటన్ వదలకుండా వరసగా ఎనిమిది పది ఫోటోల బర్స్ట్ తీయండి. పక్షి కదలనివి రెండో మూడో వస్తాయి.

5. ఇప్పుడు ఫ్రేము

వేటపక్షి వానలో దాదాపు ఎప్పుడూ గాలికి ఎదురుగా కూర్చుంటుంది. వెనక నుంచి గాలి తగిలితే ఈకలు లేచిపోయి లోపలికి నీళ్లు దిగుతాయి కాబట్టి. దీనివల్ల మనకో మేలు ఉంది. గాలి ఎటు నుంచి వస్తోందో వాన కూడా అటు నుంచే ఏటవాలుగా పడుతుంది. అంటే పక్షి చూపూ, వాన వచ్చే దిక్కూ ఒకటే. పక్షి ఎడమకి చూస్తోందంటే గీతలు ఎడమ పై మూల నుంచి కుడి కిందికి జారుతుంటాయి. పక్షిని కుడి మూడో వంతులో, మధ్యకంటే కాస్త కిందగా పెట్టి, ఎడమ పైభాగం మొత్తం వానకి వదిలేయండి. చూసేవాడి కన్ను ఆ గీతల వెంట దిగి పక్షి ముఖం దగ్గర ఆగుతుంది. ఇదే పక్షిని ఎడమ అంచుకి నొక్కితే వాన దాని వెనక వృథాగా పడుతున్నట్టుంటుంది.

గాలి లేని రోజు వాన నిలువుగా పడుతుంది, పక్షి కూడా నిటారుగా, తల భుజాల్లోకి లాక్కుని కూర్చుంటుంది. అప్పుడు కెమెరా నిలువుగా తిప్పండి. పక్షి కింది మూడో వంతులో, పైన అంతా వాన. దీనికి అడ్డంగా ఒక కొమ్మ ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

ఏటవాలు వానలో ఒక జాగ్రత్త. గీతలు వంకరగా కనబడుతుంటే మన చెయ్యి తెలియకుండానే కెమెరాని వాటికి సరిచేసేస్తుంది. స్తంభాన్నో, చెట్టు మొదలునో చూసి నిలువు సరిచూసుకోండి, వానని చూసి కాదు.

పక్షి ఎంత పెద్దగా ఉండాలి? ఫ్రేము ఎత్తులో ఐదో వంతు చాలు అని నా అభిప్రాయం. పదో వంతైనా ఫరవాలేదు. వెనక్కి తగ్గినకొద్దీ పక్షికీ మనకీ మధ్య వాన పొరలు పెరుగుతాయి, దృశ్యానికి లోతు వస్తుంది. అయితే పక్షి చిన్నదైనప్పుడు దాని ఆకారమే మాట్లాడాలి. ఎదురుగా చూస్తున్న గద్ద చిన్న సైజులో ఒక ముద్ద, అంతే. తల పక్కకి తిప్పి వంకర ముక్కు బయటపడిన క్షణం కోసం ఆగండి. కెమెరా స్క్రీన్ మీద ఫోటోని చేయి చాచినంత దూరం నుంచి చూడండి. అది గద్ద అని తెలుస్తోందంటే సైజు సరిపోయినట్టే.

కరెంటు తీగ మీద కూర్చున్న పక్షిని చాలామంది తీయరు. వానలో తీయండి. తీగ కింది అంచున చినుకులు వరసగా వేలాడుతుంటాయి, ఒక్కోటి జారి పక్కదానితో కలిసి పడిపోతుంది. తెల్లటి బ్లాక్ వింగ్డ్ కైట్, ఎర్రటి కన్ను, కింద నీటి బొట్ల వరస, వెనక ముదురు మబ్బు. పొలాల దారిలో ఇంతకంటే మంచి కూర్పు దొరకడం అరుదు. తీగ ఖచ్చితంగా అడ్డంగా ఉండాలి, లేదా స్పష్టంగా మూల నుంచి మూలకి పోవాలి. కొద్దిగా వంగితే ఫోటోగ్రాఫర్ చూసుకోలేదనిపిస్తుంది. రెండు తీగలుంటే రెండోది తల వెనక నుంచి పోకుండా ఎత్తు మార్చుకోండి.

దగ్గరి పోర్ట్రెయిట్‌కి తుంపర సరైన సమయం, జోరు వాన కాదు. తుంపరలో నీరు ఈకల మీద వెంటనే ఇంకదు, పూసల్లా నిలుస్తుంది. షిక్రా తల మీది బూడిద రంగు ఈకల మీద ఆ పూసలు ఒక్కొక్కటే పెరిగి, రెండు కలిసి, కంటి పైన గట్టులా ఉండే ఎముక అంచు వెంట జారి, ముక్కు వంపు దాకా వచ్చి కొసన ఆగుతాయి. ఆ కొసన బొట్టు నిండి పడబోయే ముందు తీయండి. దాన్లో వెనక ఉన్న దృశ్యం తలకిందులుగా కనబడుతుంది. ఇక్కడ షట్టర్ 1/500 అయినా ఉండాలి. కంటి మీదికి పలచటి పొర మాటిమాటికీ జారుతుంటుంది, అప్పుడు కన్ను పాలిపోయినట్టుంటుంది. అందుకే ఒక్కటి తీసి ఊరుకోకుండా బర్స్ట్‌లో తీసి కన్ను తేటగా ఉన్నది ఎంచుకోండి.

6. ఎక్స్‌పోజర్, ఫోకస్

ఇది త్వరగా చెప్పేస్తాను. తెల్ల ఆకాశం ముందు నల్ల గద్ద అయితే ఎక్స్‌పోజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌లు పెంచండి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపవుతుంది). చీకటి చెట్ల ముందు తెల్లటి పక్షి అయితే ముప్పావు స్టాప్ తగ్గించండి, లేకపోతే తెల్ల రొమ్ము మీద ఈకల వివరం పోతుంది. ఐఎస్ఓ, అంటే వెలుగుని కెమెరా పెంచి చూపే స్థాయి, 3200, 6400కి పోతుందని టెన్షన్ పడొద్దు. చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచితే వచ్చే నాయిస్ (ఫోటో మీద గరుకు చుక్కలు) దీనికంటే ఎక్కువ. రా ఫైల్‌లోనే తీయండి.

ఫోకస్ చినుకుల మీదికి పారిపోతుంటుంది. ఒకే చిన్న పాయింట్ కంటి మీద పెట్టి, కెమెరా వెనక ఉన్న ఫోకస్ బటన్‌తో ఒకసారి ఫోకస్ చేసి వేలు తీసేయండి. కూర్చున్న పక్షికి మళ్లీ మళ్లీ అక్కర్లేదు. లెన్స్ హుడ్ (లెన్సు ముందు తగిలించే గొట్టం) తప్పనిసరి. పోలరైజర్ ఫిల్టరు ఉంటే తీసేయండి, ఉన్న కొద్ది వెలుగునీ తినేస్తుంది.

7. ఎదురుచూడాల్సిన క్షణాలు

వాన తగ్గుముఖం పట్టగానే పక్షి ఒళ్లు విదిలిస్తుంది. దానికి ముందు సూచన ఉంటుంది. పొట్ట ఈకలు వదులై ఉబ్బుతాయి, పక్షి కాళ్ల మీద కాస్త పైకి లేస్తుంది. అప్పుడే బర్స్ట్ మొదలుపెట్టాలి. తల నుంచి తోక దాకా విదిలింపు రెండు సెకన్లలో అయిపోతుంది. 1/1600 పెడితే బొట్లు ముత్యాల్లా విడివిడిగా ఆగుతాయి, 1/125 పెడితే చుట్టూ వలయాల్లా తిరుగుతాయి. దేనికైనా ఫ్రేము ముందే వదులు చేసుకోండి. బొట్లు పక్షికి రెండు వైపులా ఎగురుతాయి, బిగుతుగా కడితే అన్నీ అంచుల్లో తెగిపోతాయి.

తర్వాత రెక్కలు ఆరబెట్టుకోవడం. సర్పెంట్ ఈగిల్, నల్ల గద్ద రెండు రెక్కలూ సగం చాపి, ఎండ వచ్చే వైపు వీపు తిప్పి చాలాసేపు ఉంటాయి. దీన్ని వెనక నుంచే తీయండి. వీపు, రెక్కల నమూనా, పక్కకి తిరిగిన తల, మూడూ ఒకే ఫ్రేములో వస్తాయి. రెక్కల కొసలకి చోటు వదలడం మరిచిపోవద్దు.

తొలకరి తర్వాత ఉసిళ్లు లేచే సాయంత్రం వస్తే ఇంకేం పనీ పెట్టుకోకండి. పుట్ట మీద గద్దలు గుంపుగా చేరి, గాల్లోనే ఉసిళ్లని కాలితో పట్టి, ఎగురుతూనే నోటికి అందుకుంటాయి. కాలూ ముక్కూ కలిసే క్షణమే ఫోటో. షట్టర్ 1/2000. ఒకే గద్దని వెంటాడండి, గుంపు మొత్తం మీద కెమెరా తిప్పితే ఏదీ రాదు. ఉసిళ్లు కనబడాలన్నా చినుకుల సూత్రమే, వెనక చీకటి, ఎదురు వెలుగు.

8. కెమెరా, మీరు, పిడుగు

రెయిన్ కవర్ లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచికి హుడ్ సైజులో కన్నం చేసి రబ్బరు బ్యాండు వేయండి. కారు ఏసీలోంచి కెమెరా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, చేరడానికి కాసేపు ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. ఇంటికి రాగానే తడి కెమెరాని బ్యాగులో పెట్టి మూసేయకండి. తుడిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి, తర్వాత సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టండి. మన వాతావరణంలో ఫంగస్ అలా పెట్టిన తడి నుంచే వస్తుంది.

పిడుగుల విషయంలో మాత్రం ఏ ఫోటో కోసమూ రాజీపడొద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లకంటే తక్కువ ఉంటే పొలం గట్టు, మేడ పైభాగం, చెట్టు కింద, ఏదీ సురక్షితం కాదు. పక్కా ఇంట్లోకో, అద్దాలెత్తిన కార్లోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల సమాచారం చూపిస్తుంది, ఫోన్‌లో ఉంచుకోండి.

9. పక్షిని లేపొద్దు

ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టి, రాయి విసిరి లేపేవాళ్లు ఉన్నారు. తడిసిన పక్షికి ప్రతి ఎగురూ ఖర్చే. గంటల తరబడి వేట దొరకక ఆకలితో ఉండి ఉంటుంది. బ్లాక్ వింగ్డ్ కైట్ వానాకాలంలోనూ గూడు పెడుతుంది. తల్లి రెక్కల కింద కప్పుకుని కూర్చున్నప్పుడు మనం దగ్గరికెళ్లి లేపితే ఒంటి మీద నూగు తప్ప ఏమీ లేని పిల్లలు తడిసి చలికి చనిపోతాయి. గూడు కనబడితే వెనక్కి వచ్చేయండి. వేటపక్షులకీ వాటి గూళ్లకీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది. పక్షి ఈకలు బిగించి, తల చాచి మిమ్మల్నే చూస్తోందంటే మీరు దగ్గరగా వచ్చేశారని అర్థం. అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి తగ్గండి.

10. కంప్యూటర్ దగ్గర

నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లకి సన్నటి చినుకు గీతకీ నాయిస్‌కీ తేడా చాలాసార్లు తెలియదు. ఒక్క నొక్కుతో మొత్తం ఫోటోకి వాడితే గంటసేపు తడిసి తెచ్చుకున్న వాన తుడిచిపెట్టుకుపోతుంది. పక్షి భాగాన్ని మాత్రమే ఎంచుకుని (మాస్క్ వేసి) నాయిస్ తగ్గించండి, వాన ఉన్న భాగాన్ని చాలా తక్కువలో వదిలేయండి. మసక తగ్గించే డీహేజ్ కూడా కొద్దిగానే. మసకే ఆ రోజు వాతావరణం, దాన్ని లాగేస్తే ఎండలో తీసినట్టుంటుంది. వైట్ బ్యాలెన్స్ కాస్త నీలం వైపే ఉంచుతాను నేను. పసుపు పెంచితే వాన చల్లదనం పోతుంది.

కంటి మీద పడ్డ ఒక గీతని తీసేయొచ్చా? మీ ఆల్బమ్ కోసమైతే మీ ఇష్టం. పోటీకి పంపేదైతే నిబంధనలు చదవండి, వన్యప్రాణి ఫోటో పోటీల్లో ఫ్రేములో ఉన్నదాన్ని తీసేయడం, లేనిది కలపడం సాధారణంగా ఒప్పుకోరు. లేని వానని సాఫ్ట్‌వేర్‌తో వేయడం మాత్రం ఎక్కడా వద్దు. గీతల వాలూ, పక్షి కూర్చున్న దిక్కూ కలవక తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

పోస్ట్ చేసేటప్పుడు క్రాప్ విషయంలో మళ్లీ పాత అలవాటు తిరిగొస్తుంది, ఫోన్‌లో చిన్నగా కనబడుతోందని పక్షి చుట్టూ కోసేయాలనిపిస్తుంది. కోయకండి, నిలువు ఫ్రేముగా పెడితే ఫోన్ తెర నిండా వస్తుంది. ఫోటోలో జీపీఎస్ వివరాలుంటే తీసేయండి, గూళ్లు ఉన్న కాలంలో ఊరి పేరు కూడా రాయకుండా జిల్లా పేరుతో ఆపండి.